పొట్ల: తడి పెరటిలో రాత్రి పూసే తీగ

పొట్ల వానాకాలపు తీగ. తొలకరికి మొలుస్తుంది, శ్రావణ భాద్రపదాల్లో పందిరంతా కమ్ముకుంటుంది, చలి ముదిరేలోగా పూసి, కాసి, గింజ పండించుకుని ఎండిపోతుంది. దాని ఆయుష్షు మహా అయితే ఆరు నెలలు. దోస, గుమ్మడి, సొర, బీర, కాకర చేరిన కుటుంబమే దీనిదీ. శాస్త్రనామం ట్రైకోశాంథిస్ కుకుమెరీనా. దక్షిణాసియా నుంచి ఆగ్నేయాసియా మీదుగా ఉత్తర ఆస్ట్రేలియా దాకా ఇది సహజంగా పెరుగుతుంది. తెలుగు నేల ఆ పరిధిలోదే. మిరప, టమాటా, బంగాళాదుంప సముద్రాలు దాటి వచ్చి మన వంటింట్లో స్థిరపడ్డాయి. పొట్ల మాత్రం ఇక్కడి వానకు, ఇక్కడి ఒండ్రుకు, ఇక్కడి రాత్రులకు అలవాటుపడి పుట్టిన మొక్క.

కూరగాయగా ఎరగనివారు లేని ఈ తీగను పూలతీగగా ఎరిగినవారు తక్కువ. కారణం ఒక్కటే: పొట్లపువ్వు చీకటి పడ్డాక విచ్చుకుంటుంది, మర్నాడు పొద్దెక్కేసరికి వాడిపోతుంది. పగలు పందిరి కిందికి వెళ్లి కాయ కోసుకొచ్చేవారికి చుట్టుకుపోయిన మొగ్గలో, వడలిన రేకలో తప్ప కనిపించవు. పూత ఉండి కాయ నిలవకపోవడం, కాయ వంకరపోవడం, ఒక్కోసారి చేదెక్కడం వంటి ఫిర్యాదుల్లో సగానికి జవాబు ఆ రాత్రి పూతలోనే ఉంది. మిగతా సగానికి జవాబు నేలలోని తడిలో ఉంది. అందుకే ఈ వ్యాసం ఆ రెండింటి దగ్గర ఎక్కువసేపు నిలుస్తుంది.

పేర్లు

తెలుగు పొట్ల, కన్నడ పడవల, మలయాళ పడవలం, తమిళ పుడలై వినగానే ఒక ఇంటి పేర్లని తెలిసిపోతుంది. సంస్కృత ‘పటోల’ కూడా వీటికి దగ్గరగానే వినిపిస్తుంది కానీ ఆ పేరు దగ్గర కొంచెం జాగ్రత్త అవసరం. ఉత్తరాదిన పటోల అంటే పర్వల్. అది పొట్లకు దాయాదే అయినా బహువార్షికం. పైగా మగతీగ వేరు, ఆడతీగ వేరు. కేరళ వైద్యులు మాత్రం పటోల అన్నచోట అడవిలో దొరికే చేదుపొట్లను వాడతారు. పాత వైద్య గ్రంథాల్లో పటోల గురించి చదివిన గుణాలన్నీ మన పందిరి పొట్లకాయకు అంటగట్టడం అందుకే సరికాదు. హిందీలో పొట్లను చిచిండా అంటారు.

‘ట్రైకోశాంథిస్’ అనే ప్రజాతి పేరు గ్రీకు మాటలతో కట్టింది. జుట్టు వంటి పువ్వు అని దాని అర్థం. ఆ పేరు పెట్టినవారి చూపు కాయ మీద కాక పువ్వు మీద నిలిచిందన్నమాట. స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో అడవి పొట్లకు కుకుమెరీనా అని, సాగు పొట్లకు అంగ్వినా అని రెండు వేర్వేరు జాతులుగా పేర్లు పెట్టాడు. కుకుమెరీనా అంటే దోస వంటిది, అంగ్వినా అంటే పాము వంటిది. తర్వాతి శాస్త్రవేత్తలు రెండూ ఒకే జాతి అని తేల్చి, సాగు పొట్లను అందులోని ఒక రకంగా చేర్చారు. లిన్నేయస్ కంటే ముందే, డచ్చి గవర్నరు వాన్ రీడ్ పూనికతో 1678 నుంచి 1693 వరకు ఆమ్‌స్టర్‌డామ్‌లో పన్నెండు సంపుటాలుగా అచ్చయిన ‘హోర్టస్ మలబారికస్’లో ‘పడవలం’ అనే పేరుతోనే ఈ తీగ బొమ్మ ఉంది. లిన్నేయస్ ఆధారం చేసుకున్నవాటిలో ఆ మలబారు బొమ్మ ఒకటి.

అడవిలో, పెరటిలో

వానాకాలంలో కంచెల మీద, పొదల మీద, వాగుల ఒడ్డున పాకే అడవి పొట్ల కాయను మొదటిసారి చూసినవారు అది పొట్ల అంటే నమ్మరు. గుప్పిట్లో ఇమిడిపోయేంత చిన్నది, మూడు నుంచి ఏడు సెంటీమీటర్లు ఉంటుంది. కోడిగుడ్డు మొన తేలితే ఎలా ఉంటుందో అలాంటి ఆకారం, పచ్చటి ఒంటిమీద తెల్లటి చారలు, పండితే ఎర్రటి రంగు. నాలుక మీద పెట్టలేనంత చేదు. ఆ చేదు కుకుర్బిటాసిన్లు అనే పదార్థాలది. పశువులనూ పురుగులనూ దూరం పెట్టేందుకు ఈ కుటుంబపు మొక్కలు వాటిని తయారు చేసుకుంటాయి. ఈ చిట్టికాయ నుంచే తరతరాల రైతులు చేదు తగ్గినవాటిని, పొడవు సాగినవాటిని ఎంచి, వాటి గింజే మళ్లీ నాటుతూ ఒకటిన్నర మీటర్లకు పైగా వేలాడే కాయను సాధించారు. ఆ రైతుల పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. పరిశోధన కేంద్రాలు పుట్టడానికి ఎన్నో వందల ఏళ్ల ముందు జరిగిన ఆ ఎంపికను నేను గొప్ప విజ్ఞాన కార్యంగానే లెక్కిస్తాను.

తీగ ఐదారు మీటర్లు, బలమైన నేలలో అంతకు మించి పాకుతుంది. కాడకు పలకలుంటాయి, పైన సన్నని నూగు. ఆకు చేతివేళ్లు చాపినట్టు మూడు నుంచి ఏడు తమ్మెలుగా చీలి ఉంటుంది. నలిపితే ముక్కు తిప్పుకునేంత వాసన. కణుపు కణుపుకూ రెండు మూడు పాయలుగా చీలిన నులితీగ బయల్దేరి, దొరికిన పుల్లనో తాడునో చుట్టేసుకుంటుంది. ఈ నులితీగలే తీగ బరువంతా మోస్తాయి కాబట్టి వాటిని తెంపి మరోచోటికి మళ్లించే అలవాటు మంచిది కాదు.

పువ్వు

పొట్ల తీగ మీద మగపూలు, ఆడపూలు వేర్వేరుగా పూస్తాయి. మగపూలు పొడుగాటి కాడ మీద గుత్తిగా వస్తాయి. ఆ గుత్తిలో మొగ్గలు ఒకేసారి కాక రోజుకు ఒకటో రెండో చొప్పున విచ్చుకుంటాయి. ఆడపువ్వు ఒంటరి. దాని అడుగున సన్నగా, పొడుగ్గా, నూగుతో ఉన్న పిందె అప్పటికే సిద్ధంగా ఉంటుంది. అదే ఆనవాలు: పువ్వు వెనక పిందె ఉంటే ఆడది, లేకుంటే మగది. తీగకు ముందు వచ్చేవి మగపూలే. ఒకటి రెండు వారాలు మగపూలు మాత్రమే పూసి రాలిపోతుంటే తీగ చెడిందని కంగారుపడనక్కరలేదు.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకు పందిరి కింద నిలబడి చూస్తే మొగ్గ కొన వదులవుతుంది. లోపల ఉండలా చుట్టుకుని ఉన్న దారాలు మెల్లగా విడివడతాయి. ఐదు తెల్లటి రేకులు, ఒక్కో రేకు అంచు నుంచి పాయలు పాయలుగా చీలిన దారపు కుచ్చు. పూర్తిగా విచ్చాక ఆకు పచ్చదనం మీద ఎవరో తెల్లటి లేసు అల్లి పరిచినట్టు ఉంటుంది. పూలకోసం ప్రత్యేకంగా పెంచే ఎన్నో విదేశీ తీగల్లో ఇంత సున్నితమైన పనితనం నాకు కనబడలేదు. తెల్లవారి ఎండ తగిలేసరికి ఆ దారాలు మళ్లీ ముడుచుకుని ముద్దయిపోతాయి.

తెలుపు, రాత్రిపూట, అడుగున సన్నని పొడుగాటి గొట్టం. ఈ మూడూ కలిశాయంటే ఆ పువ్వు పిలుస్తున్నది తేనెటీగను కాదు. రాత్రి తిరిగే హాక్‌మాత్ అనే పెద్ద రెక్కల పురుగులకు పొడవాటి నాలుక గొట్టం ఉంటుంది. అవి పువ్వు మీద వాలకుండానే గాల్లో నిలిచి తేనె పీలుస్తాయి. మసక వెలుతురులో పువ్వు మరింత పెద్దదిగా, స్పష్టంగా కనబడటానికే ఈ కుచ్చు అంచు ఏర్పడిందని వృక్షశాస్త్రజ్ఞులు భావిస్తారు. పందిరి కుటుంబంలో అందరి వేళలూ ఒకటి కావు. కాకర, గుమ్మడి, దోస, నేతిబీర ఉదయం పూస్తాయి. బీర, సొర సాయంత్రం పూస్తాయి. పొట్ల వాటితోపాటు సాయంత్రం బడికే చెందింది. ఒకే పందిరి మీద నేతిబీరకు తేనెటీగలు బాగా వచ్చి కాయలు నిండుగా కాస్తుంటే, పక్కనే పొట్ల పిందెలు పసుపెక్కి రాలిపోవడంలో వింత ఏమీ లేదు. ఆ పగటి అతిథులు వచ్చేసరికి పొట్లపువ్వు మూసుకుపోయి ఉంటుంది.

రాత్రంతా వెలిగే దీపం పందిరి దగ్గర ఉంటే రెక్కల పురుగులు దాని చుట్టూ తిరుగుతూ పువ్వుల్ని వదిలేస్తాయి. అపార్టుమెంటు మేడల మీద, నాలుగైదు అంతస్తుల ఎత్తున అవి అసలు రాకపోవచ్చు. అలాంటిచోట పని మనమే చెయ్యాలి. చీకటిపడి పూలు విచ్చాక మగపువ్వు ఒకటి కోసి, రేకులు తీసేసి, దాని నడుమ ఉన్న పుప్పొడి భాగాన్ని ఆడపువ్వు మధ్యనున్న కీలాగ్రానికి మెల్లగా తాకిస్తే చాలు. రెండు మూడు రోజుల్లో పిందె సాగడం మొదలైతే పని ఫలించినట్టు. పసుపెక్కితే మరో సాయంత్రం ప్రయత్నించాలి.

ఆడపూలు ఎన్ని వస్తాయన్నది తీగ రకంతోపాటు ఎండ, పగటి నిడివి, ఎరువు మీదా ఆధారపడుతుంది. ఎండలు మండే పొడుగాటి పగళ్లలో మగపూలు ఎక్కువవుతాయి. నత్రజని మోతాదు మించినా అంతే: ఆకు నల్లగా, తీగ బలిసి, చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది, ఆడపువ్వు మాత్రం కనబడదు. తీగకు రెండు నుంచి నాలుగు ఆకులు వచ్చిన దశలో లీటరు నీటికి మూడు నాలుగు గ్రాముల బోరాక్స్ కలిపి చల్లితే ఆడపూలు పెరుగుతాయని మన వ్యవసాయ విస్తరణ సిబ్బంది చెప్పే సలహా. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం ఇందుకు ఎథ్రెల్ మందును పది లీటర్లకు ఒక మిల్లీలీటరు చొప్పున వారం వారం నాలుగుసార్లు చల్లమంటుంది. పెరటిలో రెండు పాదులు పెట్టుకున్నవారికి ఇవేవీ అవసరం లేదు. ఎరువు తగ్గించి, పక్కతీగలు రానిస్తే చాలు. ఆడపూలు ఆ పక్కతీగల మీదే ఎక్కువ.

పాదు, తడి, నీరు

మొక్క మొదట్లో నీరు నిలిచేందుకు చేసే గుంటను పాదు అంటాం. ఆ గుంటలో పెరిగే తీగనూ పాదు అనే అంటాం: పొట్లపాదు, సొరపాదు, కాకరపాదు. ఆ గుంట ఎంత ముఖ్యమో ఈ మాటే చెబుతుంది.

పొట్లకాయలో సుమారు 94 శాతం నీరే. మీటరు పొడుగు కాయను రెండు మూడు వారాల్లో నింపాలంటే వేరు నిరంతరం తడి తాగాలి. వెడల్పాటి పల్చని ఆకులు ఎండలో నీటిని ఆవిరిగా వదిలేస్తూనే ఉంటాయి. అందుకే పాతకాలపు ఇళ్లలో పొట్లపాదు చోటు అడగకుండానే తెలిసేది: బావి గట్టు పక్కన, జలదారి నీళ్లు ఇంకే చోట, పెరటి కాలువ అంచున. కోనసీమ, కృష్ణా డెల్టా, లంక గ్రామాల ఒండ్రు నేలల్లో వానాకాలంలో పలుగు వేస్తే తడి తగిలేంత పైకి నీరు వస్తుంది. పొట్లకు అక్కడ పుట్టింటి సుఖం ఉంటుంది, కానీ ఒక షరతు మీద.

తడి వేరు, నీటి నిలవ వేరు. ఈ తేడా పట్టుకోలేకపోవడం వల్ల ఎండకు చచ్చిన పొట్లపాదుల కంటే నీళ్లకు చచ్చిన పాదులే ఎక్కువ ఉంటాయని నా అభిప్రాయం. వేరుకు నీటితోపాటు గాలీ కావాలి. మట్టి రేణువుల మధ్య సందులన్నీ నీటితో నిండిపోతే వేరు ఊపిరాడక కుళ్లుతుంది. ఆ కుళ్లును శిలీంధ్రాలు అందిపుచ్చుకుంటాయి. నేల గుణం తెలుసుకోవడానికి సులభమైన పద్ధతి ఉంది. మూరెడు లోతు గుంట తవ్వి నిండా నీరు పోయండి. గంటా రెండు గంటల్లో ఇంకితే నాటుకోవచ్చు. సాయంత్రానికీ నీరు కనబడుతుంటే అక్కడ గుంట పెట్టకూడదు. మట్టి ఎగదోసి జానెడు ఎత్తు దిబ్బ చేసి దాని మీద గింజ వెయ్యాలి. నల్లరేగడిలో వానాకాలంలో ఈ దిబ్బ తప్పనిసరి. తెలంగాణ ఎర్ర చల్క నేలల్లో సమస్య తిరగబడుతుంది. అక్కడ పోసిన నీరు నిలవదు కాబట్టి మాగిన పశువుల ఎరువు, చెరువు మట్టి దండిగా కలిపి తడి పట్టేలా చెయ్యాలి.

మండే మధ్యాహ్నం పొట్లాకులు చేటల్లా వేలాడటం చూసి చెంబుతో పరుగెత్తడం అందరూ చేసే పొరపాటు. వేరు అందించే నీటి కంటే ఆకు వదిలే నీరు ఆ రెండు మూడు గంటలు ఎక్కువ కావడం వల్ల అలా అవుతుంది. వేలు మట్టిలోకి రెండు కణుపుల లోతు దించి చూడాలి. తడి తగిలితే ఊరుకోండి, చల్లబడ్డాక ఆకులు లేస్తాయి. నేల తడిగా ఉండి, పొద్దుగూకినా ఆకు లేవకుండా, కాడ మొదలు గోధుమ రంగుకు తిరిగి మెత్తబడితే అది వేరుకుళ్లు. అప్పుడు పోసే ప్రతి చెంబూ హాని చేస్తుంది.

వానాకాలపు పంటకు గింజ వేసే అదను జూన్, జూలై. మృగశిర కార్తెలో తొలి వాన పడ్డాక నేల వేడి చల్లారి, తడి లోపలికి దిగాక వెయ్యడం మేలు. వేసవి పంటకు జనవరి, ఫిబ్రవరిలో వేస్తారు. దానికి నీటి వసతి బాగా ఉండాలి, మగపూల బెడదా ఎక్కువ. నేనైతే పెరటికి వానాకాలపు పాదే పెట్టమంటాను. ఈ తీగ పుట్టిన కాలం అది.

పొలంలో రెండు, రెండున్నర మీటర్ల ఎడంతో మూరెడు లోతు, వెడల్పు గల గుంటలు తీస్తారు. పెరటిలోనూ అంతే. ఒక్కో గుంటకు ఐదు నుంచి పది కిలోల మాగిన పశువుల ఎరువు, పిడికెడు రెండు పిడికిళ్ల వేపపిండి మట్టిలో కలిపి వారం రోజులు వదిలెయ్యాలి. పచ్చిపేడ వద్దు; అది మాగేటప్పుడు పుట్టే వేడి లేతవేరును కాలుస్తుంది. పొట్ల గింజ పెంకు మందం, అంచులు గరగరలాడతాయి. రాత్రంతా నానబెట్టి, తడిగుడ్డలో మూటగట్టి ఒక రోజు ఉంచి నాటితే మొలక త్వరగా వస్తుంది. గుంటకు మూడు నాలుగు గింజలు, రెండు సెంటీమీటర్ల లోతున. వారం పది రోజుల్లో మొలకలు తేలాక బలమైన రెండింటిని ఉంచి తక్కినవి కత్తిరించాలి. పీకితే ఉంచినదాని వేరు కదులుతుంది.

మొక్క మొదట్లో ఎండుగడ్డి, కొబ్బరిపీచు, ఎండుటాకు ఏదైనా పరిస్తే తడి ఆరిపోదు, వాన చినుకు తగిలి మట్టి ఆకుల మీదికి చిమ్మదు. ఆ పరుపు కాడను తాకకుండా బెత్తెడు దూరంలో ఆపాలి. నీరు పొద్దున్నే, మొదట్లోనే పొయ్యాలి. సాయంత్రం ఆకుల మీద చల్లిన నీరు రాత్రంతా ఆరకుండా నిలిచి బూజు తెగులును పిలుస్తుంది, విచ్చబోయే పువ్వునూ తడిపి పాడుచేస్తుంది. సబ్బు నీళ్లు పోయే జలదారి పాతకాలపు జలదారితో సమానం కాదు. నేటి డిటర్జెంటు నీటికి పాదును దూరంగా ఉంచాలి. పందిరి కమ్ముకున్నాక కింద పడే పల్చని నీడ, తడి వృథా పోనివ్వకుండా అల్లం, పసుపు, కంద, చేమ పెట్టుకోవచ్చు.

పందిరి

కంచె మీద పాకించినా పొట్ల పెరుగుతుంది, కాయ మాత్రం చక్కగా దిగదు. వేలాడేందుకు చోటు కావాలి. ఆరడుగులు, ఆరున్నర అడుగుల ఎత్తు పందిరి వేస్తే మనిషి కింద నడవగలడు, గాలి ఆడుతుంది, కాయ నేలకు తగలదు. ఇంటికి నాలుగు వెదురు గుంజలు, పైన అడ్డగడలు, వాటి మధ్య కొబ్బరితాడు సరిపోతాయి. వ్యాపార సాగులో రాతి కూసాలు, వాటినే తెలంగాణలో కడీలంటారు, పాతి ఇనుప తీగ అల్లిన శాశ్వత పందిళ్లు వేస్తారు. ఒక పంట తీసేశాక బీర, కాకర అదే పందిరికి ఎక్కిస్తారు. మొలక మూరెడు కాగానే ఒక పుల్లో జనపతాడో పక్కన నిలిపి పందిరి వరకు దారి చూపాలి. పైకి చేరేలోపు వచ్చే పిలకలు తుంచేసి, చేరాక కొన తుంచితే తీగ నాలుగు వైపులా పాయలు వేస్తుంది. నేలకు దగ్గరి ముసలి ఆకులు తీసేస్తే తడి పెరటిలో తెగుళ్ల భయం తగ్గుతుంది.

కాయ, రాయి

నాటిన నలభై, యాభై రోజులకు పూత మొదలవుతుంది. ఆడపువ్వుకు పుప్పొడి అందాక పిందె రోజురోజుకూ కళ్లముందే సాగుతుంది. పెరిగే కాయలో ఒకపక్క ఎక్కువ, మరోపక్క తక్కువ సాగితే చుట్ట తిరుగుతుంది. పందిరి కర్రకో తీగకో ఆనుకున్నా అంతే. పిందె జానెడు ఉన్నప్పుడే కొనకు పురికొసతో చిన్న రాయి కట్టి వేలాడదీయడం తెలుగు రైతు ఎరిగిన పాత పద్ధతి, నేటి సాగు పుస్తకాలూ అదే చెబుతాయి. రాయి నిమ్మకాయ కంటే చిన్నదై ఉండాలి. పెద్దది కడితే కాయ తొడిమ దగ్గర తెగిపోతుంది. పొట్టి రకాలకు ఈ అవసరం లేదు.

కోయంబత్తూరులో రూపొందిన కో-1 రకం కాయలు 160 నుంచి 180 సెంటీమీటర్లు సాగుతాయి, ముదురాకుపచ్చ మీద తెల్ల చారలు. అక్కడిదే కో-2 కాయ అడుగు పొడుగే, పాలిపోయిన పచ్చరంగు. పెరియకులంలో ఉత్పరివర్తనం ద్వారా సాధించిన పీకేఎం-1, కేరళ వ్యవసాయ విశ్వవిద్యాలయపు తెల్లకాయల కౌముది, చిన్నకాయల బేబీ కూడా పేరున్నవే. కుండీలో, మేడమీద పెంచేవారికి పొట్టి రకాలే నయం. పొడుగాటి కాయ వేలాడటంలోని అందం కావాలంటే నేల, ఎత్తైన పందిరి ఉండి తీరాలి.

పిందె కట్టిన రెండు మూడు వారాల్లో, గోరు గుచ్చితే సులువుగా దిగే లేతదనంలోనే కొయ్యాలి. తీగ మీద ఒక్క కాయ ముదిరినా తక్కిన పూత మందగిస్తుంది, ఎందుకంటే గింజ పండిస్తే ఏకవార్షిక తీగ పని అయిపోయినట్టే.

పురుగులు, తెగుళ్లు

మొలక రెండాకుల మీద ఉన్నప్పుడు నారింజ రంగు గుమ్మడి పెంకు పురుగులు వచ్చి ఆకును జల్లెడ చేస్తాయి. పొద్దున్నే మంచు తడి మీద జల్లిన కట్టెల బూడిద, చేత్తో ఏరడం, ఇవే పెరటికి చాలు. తీగ పెరిగాక వచ్చేది పొట్లకు ప్రత్యేకమైన పచ్చపురుగు. నడుము వంచి కొలత కొలిచినట్టు నడుస్తుంది. ఆకు అంచును కత్తిరించి, దాన్ని ఆకు మీదికే మడిచి, ఆ మడతలో దాక్కుని తింటుంది. మడిచిన ఆకు కనబడితే విప్పి చూడండి, దొరుకుతుంది.

అన్నింటికంటే ఎక్కువ నష్టం చేసేది పండు ఈగ. లేత పిందె తొక్క కింద గుడ్లు పెడుతుంది. పైకి చిన్న చుక్క, లోపల పురుగుల కుళ్లు. పెరిగిన పురుగు కాయ వదిలి మట్టిలోకి దిగి ప్యూపాగా మారుతుంది. కాబట్టి రాలిన కాయను పందిరి కింద వదిలెయ్యడం అంటే వచ్చే తరాన్ని పెంచడమే. రాలినవి వెంటనే ఏరి లోతుగా పాతిపెట్టాలి, మొదట్లో మట్టి అప్పుడప్పుడు తిరగెయ్యాలి. పిందెకు కాగితం సంచి తొడగడం పెరటిలో బాగా పనిచేస్తుంది. క్యూలూర్ ఎర బుట్టలు మగ ఈగల్ని పట్టేస్తాయి.

వాన ముసురు పట్టినప్పుడు బూజు తెగులు, ముసురు విడిచి పొడి పగలు, చలి రాత్రి వచ్చినప్పుడు బూడిద తెగులు పలకరిస్తాయి. గంధకం, రాగి ధాతు మందులు ఈ కుటుంబపు మొక్కల మీద చల్లితే ఆకులు మాడిపోతాయి; బూడిద తెగులు కనబడగానే గంధకం డబ్బా తీసేవారు ఇది గుర్తుంచుకోవాలి. ఏ మందైనా సాయంత్రం పూత వేళ చల్లకూడదు. ఆ రాత్రి పువ్వుల దగ్గరికి వచ్చే రెక్కల పురుగు చస్తే నష్టం మన కాయకే. ఆకులు చిన్నవై ముడతలుపడి పసుపు, పచ్చ మచ్చలు కలగలిసి కనిపిస్తే మొజాయిక్ వైరస్. ఆ తీగకు వైద్యం లేదు, పీకి తగలబెట్టడమే.

వంటింట్లో

పెరుగుపచ్చడి, కొబ్బరికోరు వేసిన పొడికూర, పాలు పోసి వండిన కూర, చక్రాల్లా తరిగి శనగపిండిలో ముంచిన బజ్జీ, మధ్యలో పొడి కూరిన ముక్కలు. వీటిలో పాలు పోసిన కూర లేత కాయతోనే కుదురుతుంది. పొట్లకాయ, కోడిగుడ్డు ఒకే పూట తినకూడదన్న నమ్మకం తెలుగు ఇళ్లలో గట్టిగా ఉంది. దానికి శాస్త్రీయ ఆధారమేమీ లేదు. చేదు సంగతి మాత్రం నమ్మకం కాదు. తీపి రకపు తీగ మీద కాయ చేదుగా ఉంటే ఆ కాయను పారెయ్యాలి, ఉప్పు పిండి చేదు పోగొట్టి తినే ప్రయత్నం చెయ్యకూడదు. కుకుర్బిటాసిన్లు వాంతులు, విరేచనాలు కలిగిస్తాయి, వంటతో పోవు. పశ్చిమ ఆఫ్రికాలో, ముఖ్యంగా నైజీరియాలో, ఈ కాయను పండనిచ్చి లోపలి ఎర్రటి గుజ్జును టమాటాకు బదులు వాడతారు. మన వంటలో ఆ గుజ్జుకు చోటు లేకపోయింది.

అమెరికాలో ఉంటున్న తెలుగువారు పెరటిలో సొర, బీరతోపాటు పొట్ల కూడా పెంచుతుంటారు. అక్కడ చలి ఎక్కువై, వేసవి చిన్నదైన చోట్ల గింజను ఇంట్లో కప్పుల్లో మొలిపించి, మంచు భయం పోయాక వేరు కదలకుండా బయట నాటాలి. తగిన అనుమతి పత్రాలు లేకుండా గింజలు ఊరి నుంచి మూటగట్టి తీసుకుపోవడానికి అక్కడి చట్టాలు ఒప్పుకోవు. ఆ దేశంలోనే దొరికే గింజ కొనుక్కోవడం మేలు.

గింజ

విత్తనానికి ముందే ఒక తీగ ఎంచుకోవాలి. మొదట కాసిన, నిటారుగా దిగిన, రుచి చూస్తే చేదు లేని కాయల తీగ. పొట్లలో ఒక తీగ పుప్పొడి మరో తీగకు చేరడం సహజం. చుట్టుపక్కల కంచె మీద అడవి పొట్ల ఉంటే రెక్కల పురుగు దాని పుప్పొడినీ తెస్తుంది. ఈ ఏడాది కాయ రుచిలో తేడా రాదు, కానీ ఆ గింజ నాటితే వచ్చే ఏడాది కాయ చేదెక్కుతుంది. దీనికి విరుగుడు సాయంత్రమే చెయ్యాలి. విచ్చబోయే ఆడమొగ్గకు, అదే తీగలోని ఒక మగమొగ్గకు కాగితపు సంచులు కట్టి, చీకటిపడ్డాక విప్పి, పుప్పొడి తాకించి, ఆడపువ్వుకు మళ్లీ సంచి కట్టాలి. రెండు రోజులకు సంచి తీసి, తొడిమకు ఎర్రదారం ముడివేస్తే కోతల్లో పొరపాటున ఆ కాయ తెగిపోదు.

ఆ కాయను తీగ మీదే వదలాలి. పచ్చదనం పోయి పసుపు, నారింజ, చివరికి ఎరుపు వస్తుంది. మెత్తబడి అడుగునుంచి పగులుతుంది. పగిలేలోపే కోస్తే గింజ దక్కుతుంది. ఆలస్యమైతే ఎర్రటి గుజ్జు చూసి పిట్టలు దిగుతాయి. గుజ్జులోంచి గింజలు పిండి తీసి, బూడిదతో రుద్ది జిగురు పోగొట్టి, రెండు నీళ్లలో కడిగి, నీడన ఆరబెట్టాలి. నీటిలో తేలినవి తాలు, పారెయ్యొచ్చు. బాగా ఆరినవాటిని పొడి బూడిదలో కలిపి మూత బిగుతైన సీసాలో పెట్టి, రకం పేరు, ఏడాది రాసి అంటిస్తే మృగశిర దాకా చెక్కుచెదరవు. పందిరి మీద తీగ అప్పటికి ఎండి చప్పుడు చేస్తుంటుంది. దాన్ని తెగుళ్లు లేకపోతే ఎరువుగుంటలో వేసి, వచ్చే ఏడు పాదును రెండు బారల దూరం జరిపి పెట్టాలి.